దడుపు తీసే ఎలుగొడ్డు

మా చెల్లెలికి నాలుగేళ్లప్పుడు మా ఊరి మీదుగా యుద్ధ విమానం ఒకటి చింతచెట్ల కొనలకు తగులుతుందేమో అన్నంత కిందుగా పోయింది. ఆ రోజు నుంచి అది నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. దడుపు తగిలిందని ఊరంతా తేల్చేశారు. విభూతి పెట్టించారు, దిష్టి తీశారు. "ఆ ఇమానం మళ్లా వస్తే దానికే దిష్టి తీస్తా" అని మా నాయన విసుక్కునేవాడు.

చంద్రగిరి కొండల కింద ఉండే మా ఊళ్లకు దడుపుకు తిరుగులేని మందు ఒకటుండేది. ఎలుగొడ్డును ఆడించే సాయిబు వచ్చినప్పుడు, దడుచుకున్న బిడ్డను దాని వీపు మీద కూర్చోబెట్టి ఇంటి ముందు మూడు చుట్లు తిప్పించడం. ఎలుగునెక్కిన బిడ్డకు ఇంక దేనికీ భయముండదని నమ్మకం. మా అమ్మ చేటెడు వేరుశనగకాయలు సాయిబు జోలెలో పోసి, చెల్లెలి చేతికి బెల్లం ముక్క ఇచ్చింది.

"మామకు పెట్టు పాపా. దండం పెట్టి, నా దడుపు తీసుకోనిపో మామా అను" అన్నాడు సాయిబు ఎలుగును చూపిస్తూ.

అది అచ్చం అలాగే అంది. మూడు చుట్లు తిరిగి దిగేసరికి నవ్వుతోంది కూడా. ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది. ఇంటికి ఎవరొచ్చినా "మామ యాడికి పోయినాడు?" అని అడిగేది.

"కొండకు పోయినాడు, వస్తాడులే" అని నాయన నవ్వేవాడు.

ఈతపండ్లు మాగే కాలంలో ఒక పొద్దున అమ్మ చాపలు అల్లడానికి ఈతాకు కోయబోతూ మా ఇద్దరినీ కొండ కింది వాగుకు వెంటబెట్టుకుపోయింది. అమ్మ కొడవలితో ఆకు కోస్తోంది. తొమ్మిదేళ్లదాన్ని, నేను రాలిన పండ్లు ఏరి ఒడిలో వేసుకుంటున్నాను. తలెత్తి చూస్తే మా చెల్లెలు రెండు చేతులూ జోడించుకుని వాగు ఇసుకలో నడిచిపోతోంది. దాని ఎదురుగా ఈతపొద కింద ఎలుగొడ్డు. ముక్కుకు తాడు లేదు. పక్కన సాయిబు లేడు.

"మామా, బెల్లం లేదు. పండు తింటావా?" అంటోంది మా చెల్లెలు.

ఒడిలోని పండ్లు జారిపోతున్నా పట్టుకోలేకపోయాను. అమ్మ కూడా చూసింది, కేక మాత్రం వేయలేదు. కేక వేస్తే ఎలుగు బెదిరి మీద పడుతుందని కొండ కింద పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడుగు చప్పుడు కాకుండా పోయి, చెల్లెలి జుట్టు పట్టుకుని వెనక్కి విసిరేసింది. అప్పుడు ఎలుగు లేచి నిలబడింది. ఒక్కటే దెబ్బ. అంత పెద్ద సంగతి అంత తొందరగా అయిపోయిందంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. అది గుర్రుమంటూ వాగు దాటి పోయింది. అమ్మ ఇసుకలో కూలబడింది. ముఖంలో సగం నెత్తుటి ముద్ద.

"బిడ్డకేమన్నా తగిలిందా సూడుమే" అంది నాతో.

చెల్లెలు ఏడవలేదు. ఎలుగు పోయిన వైపే నోరు తెరుచుకుని చూస్తూ, "మామ అమ్మను కొట్టినాడు" అంది.

నాయన అమ్మను రోడ్డు దాకా బండిలో, అక్కడి నుంచి, యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిలో మిట్ట ఎక్కలేక బస్సు ఆగిపోతే దిగి, ఏడుస్తూ తోశాడట. అమ్మ బతికి వచ్చింది కానీ ఎడమ కన్ను పోయింది. గోడకు వేలాడే నల్ల గొంగళిని చూసినా వణికేది. నిద్రలో ఉలిక్కిపడి లేవడం ఇప్పుడు అమ్మ వంతయింది.

మళ్లీ శనక్కాయలు పీకే రోజులకు సాయిబు ఊళ్లోకి వచ్చాడు. డప్పు చప్పుడు వినగానే అమ్మ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నాకు సాయిబు మీద ఒళ్లు మండిపోయి రాయి ఏరుకున్నాను. నాయన కర్ర పట్టుకుని వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"ఈ వీదిలోకి రావద్దప్పా. కొండ ఎలుగు నా ఇంటిదాని ముకం పీకేసింది."

సాయిబు గబగబా తన ఎలుగు మూతికట్టు విప్పి, నోరు తెరిచి చూపించాడు.

"సూడు నాయనా, దీనికి పళ్లు లేవు, గోళ్లు లేవు. కూనప్పుడే పీకేసినారు. ఇది ఎవురినేం సేస్తాది?"

ఉత్త చిగుళ్లు. మేమంతా మంచిదనుకుని మొక్కిన మామ నోట్లో ఒక్క పన్ను లేదు. నా చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది.

అంతలో మా చెల్లెలు నన్ను దాటుకుని ముందుకు పోయింది. చేతిలో బెల్లం ముక్క. కాళ్లు గడగడ వణుకుతున్నాయి, ముక్కు కారుతోంది. నాయన పట్టుకోబోయేలోగానే ఎలుగు ముందు నిలబడి బెల్లం చాపింది.

"మామా, మాయమ్మకు దడుపుగా ఉండాది. మాయమ్మను ఎక్కించుకో."

తలుపు వెనక అమ్మ ఏడుపు వీధిలోకి వినబడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.