ఇరవై సెంటీమీటర్ల మూత

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో కూర కాస్త అడుగంటితే వీధిలోకి ఫైరింజన్ వచ్చిందని చెప్పే రకాన్ని. కాబట్టి ఇందులో కనిపించే ప్రతి అంకెనూ సగానికి కోసుకుని చదవండి. మూత కొలతల జోలికి మాత్రం పోకండి, అవి నిజం.

అనకాపల్లిలో నేను పాఠాలు చెప్పే హైస్కూలుకి ఆ ఏడాది ఒక ల్యాబ్ వచ్చింది. బడి వదిలాక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత అందులో ఏవో వస్తువులు తయారు చేయించాలట. సైన్సు మాస్టారికి బదిలీ అయింది. లెక్కల మేడమ్‌కి మోకాళ్ల నొప్పులు, ల్యాబేమో మేడ మీద. తిరిగి తిరిగి అది సోషల్ చెప్పే నా మెడకి చుట్టుకుంది. యంత్రాల గురించి నాకు తెలిసిందల్లా పారిశ్రామిక విప్లవం, అదీ ఐదు మార్కుల ప్రశ్న వరకే.

ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంది. ప్లాస్టిక్ తీగని కరిగించి, పొర మీద పొర పరిచి వస్తువు కడుతుంది. అది పని మొదలుపెడితే నాలుగు వందల తూనీగలు ఆస్తి పంపకాలకి కూర్చున్నట్టుండేది. మధ్యలో కరెంటు పోయిందా, వస్తువు సగంలోనే ప్రాణం వదిలేస్తుంది. ఆ భయంతో నేను ఒక్కరోజూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. యంత్రం దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ నుంచి యంత్రానికి తిరిగిన దూరం లెక్కేస్తే పాయకరావుపేట పదకొండుసార్లు వెళ్లి రావచ్చు.

ఆ పిల్లల్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. చెరుకు రైతు కూతురు. చీడికాడ వెళ్లే బస్సు దారిలో వాళ్ల ఊరు. నాలుగుంబావు బస్సు ఎక్కాల్సిన పిల్ల ల్యాబ్ కోసం ఐదున్నర బస్సు దాకా ఆగేది. తండ్రికి అది నచ్చలేదు. శుక్రవారం లోపల ఇంటికి పనికొచ్చే వస్తువు ఒక్కటి చేసి చూపిస్తే సరే, లేకపోతే ల్యాబ్ మానేసి నాలుగుంబావు బస్సుకే వచ్చెయ్యమన్నాడు.

ఏం చేస్తావని అడిగాను. తండ్రి వీపున తగిలించుకుని చేలో పురుగుమందు కొట్టే ట్యాంకుకి మూత పోయిందట. పాలిథిన్ కవర్ కట్టి నెట్టుకొస్తున్నాడట.

"వంగితే మందు కారిపోద్ది సార్. సొక్కా ఇప్పితే ఈపంతా ఎర్రగుంటాది," అంది.

ట్యాంకు ఊళ్లో ఉంది, యంత్రం ఇక్కడుంది. మూతికి దారం చుట్టి, సరిపోయిన చోట తెంపి తెమ్మన్నాను. మా నాన్నకి చొక్కా కుట్టిన టైలర్ అలాగే కొలిచేవాడు మరి. మర్నాడు కంపాస్ బాక్సులో దారం పెట్టుకొచ్చింది. స్కేలు మీద సాగదీసి చూశాను. ఇరవై సెంటీమీటర్లు. కంప్యూటర్లో వెడల్పు అని ఉన్న గడిలో ఇరవై కొట్టాను.

"సార్, ఇది సుట్టుకొలత కదండీ," అంది ఆ పిల్ల, నెమ్మదిగా.

కొలత ఏదైనా కొలతేనని కసిరాను.

పిల్లని బస్సెక్కించి, యంత్రం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ చీకటి పడేదాకా కాపలా కాశాను. శుక్రవారం బడి వదిలేవేళకి తండ్రి ట్యాంకు భుజాన వేసుకుని వచ్చాడు. మేం తయారుచేసిన మూత ఆయన చేతికిచ్చాం. ట్యాంకు మూతి మీద పెడితే మూతీ కనబడలేదు, ట్యాంకూ కనబడలేదు.

"ఇది మూతేటి మాస్టారూ? మా ఇంటిదానికిత్తే దీన్తో బియ్యం సెరిగేత్తాది," అన్నాడు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"పదమ్మా, బస్సొచ్చే వేళైంది," అన్నాడు తండ్రి, ట్యాంకు మళ్లీ భుజానికెత్తుకుంటూ.

అప్పుడు నేను అడ్డుపడ్డాను. తప్పు అమ్మాయిది కాదు, దారంతో కొలవమన్నదీ నేనే, చుట్టుకొలత కదా అంటే నోరు మూయించిందీ నేనే అని చెప్పాను. ఆయన ట్యాంకు కిందకి దించాడు.

తరవాత ఆయనే దారి చూపించాడు. ట్యాంకు అడుగున అంటిన మట్టిని తడిపి మూతి చుట్టూ పూసి, దాని మీద నోటుపుస్తకం బోర్లించి అదిమాడు. కాగితం మీద గుండ్రంగా అచ్చు పడింది. అమ్మాయి దాని నడిమధ్యన స్కేలు పెట్టింది. ఆరు సెంటీమీటర్ల మీద నాలుగు గీతలు.

యంత్రం మళ్లీ మొదలైంది. నాలుగుంబావు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. నేను కిటికీ దగ్గరికి, తండ్రి గుమ్మం దగ్గరికి, ఒకరికొకరం ఎదురుపడుతూ తిరిగాం. ఈపాటికి బెల్లం పాకమైనా దిగిపోయేదని ఆయన గొణిగాడు. కరెంటు ఒక్కసారి మిణుకుమంది. నా గుండె మేడ దిగి గేటు దాకా వెళ్లి వచ్చింది.

ఐదింటికి మూత చేతికొచ్చింది. చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించి నొక్కితే దిగింది. ట్యాంకుని బాగా కడిగి మంచినీళ్లు పోసి, ఆయన వీపున వేసుకుని, చేలో వంగినట్టు వంగాడు. బొట్టు రాలలేదని రాయాలని నాకెంత ఉన్నా, రెండు చుక్కలు రాలాయి. ఆయన చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా తడిమి చూసుకున్నాడు.

"రెండు సుక్కలేనమ్మా. సోమారం కూడా ఆగి, అయ్యి కూడా రాకుండా సెయ్యి," అన్నాడు.

తూనీగలు, పాయకరావుపేట, గుండె గేటు దాకా వెళ్లడం, ఇవన్నీ నా అలవాటు. వాటికి నేనేమీ సిగ్గుపడను. నేను నిజంగా కల్పించింది ఒక్కటే ఉంది. తప్పు నాదని ఆ తండ్రి ముందు నేను నోరు విప్పలేదు. బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

"తప్పు కొలిసింది నేనే నాన్నా. ఇంకోపాలి సేత్తాను, ఉండు," అంది ఆ పిల్ల.

ఆయన ట్యాంకు దించింది ఆ మాటకి.