మా తాంబేలు తిన్న కందిపురుగులు

మొన్న ఆదివారం వికారాబాద్‌లో మా డాబా మీద పూలకుండీల మధ్య వంగి మిడతను పట్టుకుంటూ కోడలి కంట పడ్డాను. మనవరాలు ముచ్చటపడి కొనిపించుకున్న తాబేలు నాలుగు రోజులుగా కళ్లు తెరవకుండా గాజుతొట్టి అడుగున పడివుంది. దుకాణంవాడిచ్చిన మేత గోళీలు నీళ్లలో నాని ఉబ్బిపోతున్నాయి. ఈ వయసులో బతికున్న పురుగును పట్టి పెట్టడం పాపం కాదా అత్తమ్మా అని కోడలు మెత్తగానే అడిగింది. కాదన్నాను. డెబ్బై ఏళ్ల కిందట ఇదే మాట అన్నందుకు రెండు పూటలు పస్తున్నదాన్ని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటానా?

అప్పుడు మేము తాండూరులో ఉండేవాళ్లం. పోలీసు చర్యను ఇంకా నిన్నటి సంగతిలా చెప్పుకునే రోజులు. నాకు పదేళ్లుంటాయి. మా నాన్న బండల గనిలో లెక్కలు రాసే మున్షీ. పాత గుంతలో నిలిచిన వాననీళ్లు తోడుతుంటే కూలీలకు అరచేయంత తాబేలు దొరికితే, తువ్వాలలో చుట్టి నాకోసం తెచ్చాడు. ఆ ఊళ్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, నేలకైనా గోడకైనా బండలే కదా. నాలుగు బండలు నిలబెట్టి సందుల్లో సున్నం పూసి పెరట్లో తొట్టి కట్టించాడు.

మాది మెడలో లింగం కట్టుకున్న ఇల్లు. నీసు తినడం మాట అటుంచి, ఆ మాట నోట రావడమే తప్పు. తాంబేలయినా సరే, మనింట్ల ఉన్నంక మనం తినేదే తినాలె అని నాయనమ్మ తీర్పు చెప్పింది. పెరుగన్నం, జొన్నరొట్టె తునకలు, తోటకూర వేసేవాళ్లం. అది ముట్టేది కాదు. శ్రావణమాసం కావడంతో తాంబేలు కూడా ఒక్కపొద్దు ఉంటున్నదని నాయనమ్మ మురిసిపోయింది. తరువాత దాని కళ్లు వాచి మూసుకుపోతే ధ్యానంలో ఉన్నదన్నారు. నాయనమ్మ దాని డిప్ప మీద విభూతి పెడితే, వాడకట్టు ఆడవాళ్లు వచ్చి దండం పెట్టుకుని పోయేవాళ్లు. ఆకలితో చస్తున్న దానికి దండాలేమిటని నాకు ఒళ్లు మండేది.

గోడ అవతల బండలు చెక్కే ఆయన భార్య ఉండేది, మేము చాచీ అనేవాళ్లం. ఆమె ఒకరోజు గోడ మీదుగా తొంగిచూసి, "ధ్యానం లేదు, పాడు లేదు బిడ్డా. ఎర్రలు పెట్టు, జర కండ్లు తెరుస్తది," అంది. ఎర్రలంటే వానపాములు. నాకు కంపరం పుట్టలేదంటే అబద్ధమవుతుంది. అయినా పెంటకుప్ప అడుగున తవ్వి తీశాను, పొద్దున్నే మంచుకు రెక్కలు తడిసి ఎగరలేని మిడతల్ని జొన్నచేలో పట్టాను, కాగ్నా వాగులో తువ్వాల పరిచి చిన్న చేపల్ని ఎత్తాను, అన్నిటినీ చాచీ వాళ్ల పెరట్లో బొక్కలు కొట్టిన డబ్బాల్లో దాచాను. కళ్లు కనబడని తాబేలు ముక్కుకు ఎర్రను తగిలిస్తూ కూర్చునేదాన్ని. మూడోరోజు కరిచింది, ఎర్రతోపాటు నా వేలును కూడా. ఆ నొప్పికి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ చెప్పలేను. పది రోజులకు ఒక కన్ను తెరిచింది.

అంతలోనే దొరికిపోయాను. తొట్టి అంచు మీద కదులుతున్న ఎర్రను నాయనమ్మ పూజకు పోతూ చూసింది. సాయంత్రంలోగా తాంబేలును కాగ్నాలో వదలకపోతే తాను నీళ్లు ముట్టనంది. కాగ్నా వరద మీద ఉంది, అది ఒంటికంటిది, బతకదు. పురుగులు పెట్టడం పాపం కాదు, అది బతకకపోతే నాకూ తిండొద్దని తొట్టికి ఆనుకుని కూర్చున్నాను. అమ్మ ఏడ్చింది, మేనత్త తిట్టింది, నేను లేవలేదు. మరునాడు పొద్దున మా నాన్న మొదటిసారి నోరు తెరిచి, "అమ్మా, అది గప్పుడు ధ్యానం చేయలే, చావబోయింది. ఒక్కపాలి వచ్చి చూడు," అన్నాడు.

నాయనమ్మ వచ్చింది. తాబేలు మెడ చాచి రెండు కళ్లతో ఆమెను చూసింది; రెండోది ఎప్పుడు తెరిచిందో నాకే తెలియదు. విభూతి పెట్టిన తన వేళ్లనే ఆమె చాలాసేపు చూసుకుంది. లోపలికి పోయి రొట్టె తెచ్చి నా ముందు పెట్టి, "గా చేతులతో గడప తొక్కకు. తలకు పోసుకొని రా," అంది. అంతే. చలికాలమంతా రోజూ సాయంత్రం తాబేలుకు ఎర్రలు పెట్టి, బాయి దగ్గర చన్నీళ్లు పోసుకుని పళ్లు టకటకలాడుతుంటే ఇంట్లోకి పోయేదాన్ని.

పచ్చి కందికాయలొచ్చే రోజుల్లో మా ఇంట్లో ఆడవాళ్లందరూ కూర్చుని ఒలిచేవాళ్లు. కాయలో పురుగు కనబడితే చంపకుండా ఆముదపాకు మీద పెట్టి కంచె కింద వదలడం నాయనమ్మ ఆచారం. ఆ ఏడు ఆ ఆకు తొట్టి అంచు మీద కనబడింది. గాలికి కొట్టుకొచ్చిందంది. మరునాడూ గాలే. ఆకు మీద పెట్టేవరకే తన ధర్మమనుకుందేమో. నేను నవ్వలేదు, నవ్వితే మానేస్తుందని భయం.

మా నాన్న పని వికారాబాద్‌కు మారినప్పుడు ఆ తాబేలు బకెట్లో కూర్చుని మాతోపాటే రైలెక్కింది. నాయనమ్మ పోయాక కూడా రెండేళ్లు బతికింది.

మిడత ఎలాగూ ఎగిరిపోయిందని నిన్న బజారు నుంచి కందికాయలు తెప్పించి, పక్కన ఆకు పరుచుకుని సంచి మొత్తం ఒలిచాను. ఒక్క పురుగు లేదు. ఎంత మందు కొడితే ఇంత శుభ్రంగా ఉంటాయో ఈ కాయలు! ఖాళీ ఆకును చూస్తే నాయనమ్మ గుర్తొచ్చింది. రేపు మొదటి బస్సుకు యాలాల్ పోతున్నాను, అక్కడ మందు కొట్టని చేను ఒకటుందట. పురుగులతోనే తిరిగొస్తాను. కోడలు గడప తొక్కనివ్వనంటే బయటే తలకు పోసుకుంటాను, నాకేమన్నా కొత్తా.