లుక్ ఆఫ్టర్ భోజన్న

సౌదీలోని ఉనైజా తోటల్లో భోజన్నలా ఖర్జూరం చెట్టెక్కే మనిషి లేడు. మోకు నడుముకు చుట్టి మొదలుపెట్టాడంటే, కాలి నుంచి జారిన చెప్పు నేలను తాకేలోపు తల మొవ్వలో ఉండేది. నమ్మనివాళ్ళు పోయి ఆ చెట్లనే అడగొచ్చు. జగిత్యాల దగ్గర తాతల నాటి నుంచి కల్లు గీసిన ఇల్లు మరి!

అలాంటివాడి చేత బిల్డింగ్ కంపెనీ ఏళ్ళ తరబడి ఇటుకలు మోయించింది. నితాకత్ చట్టం వచ్చాక, సౌదీలకు సరిపడా ఉద్యోగాలివ్వలేదని ఆ కంపెనీ సర్కారు ఎర్ర జాబితాలో పడింది. గడువులోగా పూచీ పడే యజమాని, వేరే కఫీల్ దొరికితే అక్కడ ఉండనిచ్చే ఇకామా అతని పేరుకు మారుతుంది, లేదంటే ఇంటిదారే. ఖర్జూరం తోట మేనేజర్‌కు ఇంగ్లీషు వచ్చని విని, కంపెనీ ఆఫీసులో పనిచేసే జనార్దన్ ఒక మాట నేర్పాడు.

“‘ఐ లుక్ ఆఫ్టర్ ట్రీస్’ అను కాకా.”

“అంటే చెట్ల దిక్కు చూసుడా?”

“ఉత్త చూసుడు గాదు. ఇంటికాడ మా కాకి నీ బిడ్డను చూసుకుంటలేదా, గట్ల. జరమొచ్చినా, ఆకలైనా అన్నీ మీదేసుకునుడు. పిల్లలకు వాడు, ముసలోళ్ళకు వాడు, బర్లకు వాడు, యాడనన్న నడుస్తది.”

“గంత బరువున్న మాటనా?” అన్నాడు భోజన్న.

ఆ మాటే చెప్పాడు. మేనేజర్ నవ్వి పనిలోకి తీసుకున్నాడు. ఇకామా మారే కాగితాలు ఇంకా నడుస్తున్నాయి.

అదే కంపెనీ నుంచి వచ్చిన లక్ష్మణ్ తోటలో నీళ్ళు కడుతూ, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ లోపే ఊళ్ళో తండ్రి పోయాడు. దినాల నాడు చెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, పేరు చెప్పి నేల మీద కల్లు సాక పొయ్యంది మా నాయిన పాణం కుదుటవడది. ఒక్క చెట్టు గియ్యి. గిలాసెడు చాలు.”

“ఈడ కల్లుతోని దొరికితె ఇకామా గాదుర, జైలే.”

“ఎవ్వడు జూస్తడు? గౌడోనివై గింత భయమా?”

భోజన్న ఎక్కాడు. మొవ్వ కింద లేత చోట కత్తి ఆనించాడు. లక్ష్మణ్ అడిగిందీ న్యాయమే. కానీ ఊళ్ళో చెట్టు గీతకే పెరిగింది, ఇది కాయ కోసం పెరిగింది. గెలలు బరువెక్కి వేలాడుతున్నాయి. ఇప్పుడు గాయం చేస్తే ఆ గెలలు నిలవవు. కత్తి తీసి, మెల్లగా దిగాడు.

“జైలుకు భయపడి దిగలే తమ్మీ. కాయ మీదున్న చెట్టు. చూసుకుంటనని ఒప్పుకున్న.”

“మా నాయిన కన్న చెట్టెక్కువాయెనా?”

భోజన్న కాలువలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి, రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

“నీళ్ళకు మా నాయిన ఊకుంటడా?”

“ఊకోడు. తిడ్తడు. నన్నే తిట్టుమను.”

లక్ష్మణ్ గ్లాసు అందుకున్నాడు. తండ్రి పేరు చెప్పి పాదులో పోశాడు. ఖాళీ గ్లాసు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఎగ్జిట్ పడి ఊరికి బయలుదేరిన రోజు కూడా ‘పోయొస్త’ అనలేదు.

ఆ ఏడు ఆ చెట్టు గెలలకు సంచులు కట్టిందీ, పండాక కోసి దించిందీ భోజన్నే. దాని కాయ ఒక్కటి కూడా నోట పెట్టలేదు.