నొప్పి లేదన్నాడు

పొద్దున టీ తాగుతూ మా ఆయన ఉన్నట్టుండి గ్లాసు వదిలేశాడు. చెయ్యి దానంతట అదే ఎగిరిపడిందన్నాడు. నిద్ర చాలలేదేమోలే అని ఇద్దరం నవ్వుకున్నాం. వారం తిరక్కుండానే వాకిట్లో పడిపోయాడు. కళ్లు పైకి పోయాయి, నోట్లో నురగ. మా అత్తమ్మ పరుగున వచ్చి తాళాల గుత్తి చేతిలో కుక్కింది. రెండు నిమిషాలకు ఫిట్స్ ఆగాయి. తాళాలే ఆపాయని అందరం నమ్మాం.

నరసరావుపేటలో డాక్టరు ఈఈజీ, ఎమ్మారై తీయించారు. "ఎపిలెప్సీ. ట్యాబ్లెట్ ఒక్కపూట కూడా మానొద్దు" అన్నారు. తాళాల సంగతి మేం అడగలేదు. మా ఆయనది వెల్డింగ్ షాపు. ట్యాబ్లెట్ వేసుకుంటే మత్తుగా ఉంటోందని, "నిప్పుతో పని, తూగితే ఎట్టా?" అంటూ పొద్దుటిది మానేశాడు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని షాపుకి వెళ్లాను. నాతో ఏదో చెప్పబోతూ పడిపోయాడు. తాళాలు ఇంట్లో ఉన్నాయి. ఏ ఇనుమైనా చాలనుకుని పక్కనే కనిపించిన రాడ్డు ముక్క తీశాను. గేటు గడియ కోసం దాని కొన గ్యాస్ మంటలో కాల్చి, వంచి, అప్పుడే కింద పెట్టాడట. నాకు తెలియదు. నేను పట్టుకున్న వైపు చల్లగానే ఉంది. ఎరుపు పోయాక కాలిన ఇనుమూ మామూలు ఇనుములాగే ఉంటుంది. ఆ కొన ఆయన కుడి పిడికిట్లో పెట్టి, పైన నా చేత్తో బిగించి పట్టుకున్నాను. కాలిన వాసన వచ్చింది. వెల్డింగ్ షాపులో ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నాను.

ఫిట్స్ ఆగి పిడికిలి వదులైంది, రాడ్డు జారిపోయింది. తెలివొచ్చాక "ఎక్కడన్నా నొప్పిగా ఉందా?" అని అడిగాను. "ఏం లేదే. నిద్రొస్తంది" అన్నాడు. ఆయన అరచెయ్యి ఎప్పుడూ మసితో నల్లగానే ఉంటుంది. కాసేపటికి టీ ఇచ్చాను. పొగలు కక్కే టీ, స్టీలు గ్లాసు. అంచు పట్టుకోకుండా నిండు పిడికిలితో పట్టుకుని తాగాడు. అది చూసి కూడా నా బుర్రకి ఎక్కలేదు.

ఇంటికొచ్చి పడుకున్నాడు. సాయంత్రం కేక విని పరిగెత్తాను. చెయ్యి పట్టుకుని మంచం మీద దొర్లుతున్నాడు. అరచేతి తోలు తెల్లగా ఊడి, మధ్యలో గుంట పడి ఉంది.

గుంటూరులో సర్జరీ, స్కిన్ గ్రాఫ్ట్. ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ సర్జరీ. "అంతసేపు నొప్పి తెలవకుండా ఎట్టా ఉంటది సార్?" అని డాక్టరుని అడిగాను.

"ఫిట్స్ తర్వాత బ్రెయిన్ తన సొంత ఓపియాయిడ్స్ వదులుతుందమ్మా. మేమిచ్చే మార్ఫిన్ లాంటివే. దానివల్ల కొంతమందికి కాసేపు నొప్పి తెలియకపోవచ్చు. లోతుగా కాలితే నరాలు కూడా పోతాయి. మీ ఆయనకి రెండూ జరిగి ఉండొచ్చు. ఇంతకీ ఆ రాడ్డు చేతిలోకి ఎలా వచ్చింది?"

చెప్పాను. "ఇనుముతో ఫిట్స్ ఆగవమ్మా. చానావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి" అన్నారు.

రెండేళ్లయింది. ట్యాబ్లెట్లు నేనే దగ్గరుండి వేయిస్తున్నాను, ఫిట్స్ తగ్గాయి. మూడు వేళ్లు మాత్రం తెరుచుకోవు. వెల్డింగ్ హోల్డర్ చేతిలో నిలవదు. షాపు వదిలేసి, వేరేవాళ్ల షాపులో కొలతలు తీసే పనికి వెళ్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత మా ఇంట్లో ఎవరి నోటా రాదు. ఆయన నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో ఏమీ పెట్టొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. తెలివొచ్చాక, నొప్పి ఉందా అని అడిగి వదిలేయొద్దు. తల నుంచి కాళ్ల దాకా, అరచేతులు విప్పి మరీ చూడండి. ఆ రోజు నేను అడిగాను. చూడలేదు.