ఎర్ర తల రొయ్యలు

వరంగల్‌లో చెరువు చేప కొనాలంటే ముందు మొప్ప ఎత్తి చూస్తాం. ఎర్రగా ఉంటే తాజా, లేకపోతే వద్దు. ఎనభైల చివర కోస్తా చెరువుల్లో పెంచిన రొయ్యలు రైల్లో మా మార్కెట్‌కు రావడం మొదలైంది. అదే పరీక్ష రొయ్యకూ పెట్టాం. తల ఎర్రగా ఉన్నవే ఏరుకుని కొన్నాం.

కడుపుతో పుట్టింటికొచ్చిన మా చెల్లెలు రొయ్యలు తినాలనుంది అంటే అమ్మ అవే తెచ్చి వండింది. శనివారం కాబట్టి మేమెవరం ముట్టలేదు, అదొక్కతే తిన్నది. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. బిడ్డ సంగతి అప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ.

నేను ధాన్యం కొట్లో లెక్కలు చూసేవాణ్ణి, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న పని. మార్కెట్‌కు నడుస్తూ లెక్క కట్టాను: రైలు ఆగే స్టేషన్లెన్ని, పెట్టెలో ఐసెంత, బయట ఎండెంత. మధ్యలో ఐసు మార్చకపోతే ఆ సరుకు చల్లగా చేరే దారే లేదు.

మాకు రొయ్యలమ్మిన దుకాణదారు పెట్టె విప్పి ఏరుతున్నాడు. తల గట్టిగా ఉన్న బూడిద రంగువి స్టీలు డబ్బాలోకి, తల ఎర్రబారి వేలాడేవి బల్ల మీదికి. అడిగితే, మధ్యలో ఐసెవరూ మార్చరని, ఇక్కడికొచ్చాకే కొత్తది పోస్తామని తాపీగా చెప్పాడు. ఆ డబ్బా ఎవరికని అడిగాను.

“మా ఇంటికే అన్నా.”

“గవి ఎర్రగ లేవు గదా?”

“ఎర్రబడ్డయంటే పాతయి. కోస్తా బేపారి మొదటి రోజే జెప్పిండు.”

“మరి నువ్వు ఎవలకన్న జెప్పినవా?”

“జెప్తే ఎర్రటియి ఎవలకు అమ్మాలె?” నవ్వాడు. “మనోళ్లు అడిగినయే ఇస్తున్న గదనే.”

ఎవరి మీదా గొంతు పెంచని మనిషిని. ఆ బల్లను రెండు చేతులా ఎత్తి సరుకంతా పక్కనున్న మురుగు మోరీలోకి వంచేశాను. దుకాణదారు నా అంగీ పట్టుకున్నాడు. సంచితో నిలబడ్డ ఒక పెద్దాయన నన్నే తిట్టాడు.

“మంచిగ ఎర్రగున్నయి, పాగల్ లెక్క పారవోస్తివి గదరా.”

ఆయన మోరీ అంచున పడ్డ రొయ్యనొకదాన్ని తీసి చూస్తున్నాడు. దాన్ని లాక్కుని మోరీలోకి విసిరాను. మా చెల్లె ఉన్న వార్డు నంబరు చెప్పి, పోయి చూసి రమ్మన్నాను. ఆయన పోలేదు.

సాయంత్రం దవాఖానకు తిరిగి వెళితే బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు అటుగా వెళితే ఆ బల్ల నిండా మళ్లీ ఎర్రటివే ఉన్నాయి, చుట్టూ జనం.