గోలు కర్రలు పీకిన రోజు

మా నాన్న ఏలూరులో ఒక బడికి డ్రిల్లు మాష్టారు. ఆ రోజులు తలచుకుంటే నాకు ముందుగా వినిపించేది ఆయన విజిల్. వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గి నేల బయటపడ్డాక, మా బళ్ళో చదివే లంక గ్రామాల కుర్రాళ్ళకి ఆయన అక్కడే ఫుట్‌బాలు నేర్పేవారు. బంతి వెంట కుర్రాళ్ళు, వాళ్ళ అలికిడికి లేచే కొంగలు, అవతల ఎండకి నీళ్ళలా మెరిసే నేల, ఇంకా అవతల ఎక్కడో నిజం నీళ్ళు. ఏది ఏదో తెలిసేది కాదు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో. గట్టు మీద కూర్చుని చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని. విజిల్ మోగితే మెలకువ వచ్చేది. ఆ నిద్ర నాకింకా పూర్తిగా వదల్లేదేమో అనిపిస్తుంది.

నాన్న జట్టు చూడముచ్చటగా ఆడి, చక్కగా ఓడిపోయేది. గెలిస్తే కుర్రాళ్ళ గొప్ప, ఓడితే మాష్టారి తప్పు. ఇదెక్కడి న్యాయమో నాకు నేటికీ బోధపడదు. వరసగా ఓడేసరికి ఊళ్ళో అందరూ జోస్యులైపోయారు. క్షవరానికి కూర్చున్నా, కూరల బజారుకి వెళ్ళినా, "ఏవండీ మాష్టారూ, ఉంటారా, వెళతారా?" అని నవ్వుతూ అడిగేవారు. ఎంత మర్యాదగా అడిగేవారంటే, కోప్పడడానికి కూడా వీలుండేది కాదు. మేముండేది బడివారిచ్చిన ఇల్లు. అదే బళ్ళో పనిచేసే ఇంకో మాష్టారి భార్య ఒకరోజు వచ్చి, గోడలు తడిమి చూసి, "ఈ గదికి గాలి బాగా వస్తుందాండీ?" అని అమ్మని అడిగింది. ఆవిడంటే నాకు ఒళ్ళు మండేది.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం హెడ్మాస్టరుగారు మా అరుగు మీద కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకుని, చివరికి సంగతి చెప్పారు.

"నా చేతిలో ఏం లేదండీ మాష్టారూ. తాడేపల్లిగూడెం ఆటలో గెలవక్కర్లేదు, ఓడకుండా వస్తే చాలండి. ఓడితే మాత్రం బడి కమిటీవారు కొత్త మనిషిని చూసుకుంటామంటున్నారు."

"అలాగేనండి," అన్నారు నాన్న, ఎవరో మంచినీళ్ళు అడిగినట్టు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అవి చిక్కుడు పాదు పెట్టే రోజులు. గింజలు ఆవిడ చెంగున ముడివేసి ఉన్నాయి. హెడ్మాస్టరుగారు వెళ్ళాక, "పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగింది.

"గూడెం నుంచి వచ్చాక చూద్దాంలే," అన్నారు నాన్న.

ఆట చూడడానికి అమ్మా నేనూ కూడా జట్టుతో రైలెక్కాం. తాడేపల్లిగూడెంలో ఆ ఆటస్థలానికి ఒక పక్క రైలు కట్ట, ఇంకో పక్క పొలాలకి నీళ్ళు పారే బోదె. బోదెకి అవతల నారుమళ్ళు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. గాలికి నారు ఒక కొస నుంచి ఇంకో కొసకి వాలుతుంటే నేను ఆట మాని దాన్నే చూస్తూ కూర్చున్నాను. బంతి పైకి లేచినప్పుడు కిందికి రావడం మరిచిపోయినట్టు ఉండేది. రెండువైపులా గోలు పడలేదు. ఇంకాసేపు అలాగే గడిస్తే మా ఇల్లు మాకుంటుంది. అమ్మ చెంగు ముడి పట్టుకుని కూర్చుంది.

అప్పుడు మా గోలు వెనకాల బోదె గట్టు జారింది. చప్పుడేమీ లేదు. ఎర్రటి నీళ్ళు నారుమళ్ళలోకి దిగడం ముందు మా గోలు కాసే కుర్రాడు చూశాడు. తరువాత జట్టంతా చూసింది. వాళ్ళంతా వరిచేలలో పుట్టిన పిల్లలు. నారు మునిగితే ఆ రైతు ఇంట్లో ఏడాదంతా ఏమవుతుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బంతి వదిలేసి నిలబడిపోయి, అందరూ నాన్న వైపు చూశారు.

ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టి, గండిలోకి దూకారు.

ఆ వెనకే జట్టంతా దూకింది. కొందరు భుజం భుజం ఆనించి నీళ్ళకి వీపు పెట్టి కూర్చుంటే, కొందరు మట్టిపెళ్ళలు అందించారు. గూడెం కుర్రాళ్ళలో ఒకడు, ఏం చెయ్యాలో తోచక కాబోలు, బంతిని మెల్లిగా తోసుకుంటూ వెళ్ళి మా ఖాళీ గోల్లోకి తన్నాడు. రిఫరీ రైల్వేలో గార్డు. ఆయన తన ధర్మంగా విజిల్ ఊదాడు. గోలు కొట్టాక వాళ్ళూ వచ్చి నీళ్ళలో దిగారు, అది వేరే సంగతి. గార్డుగారు కూడా ప్యాంటు మడిచి దిగాడు. మట్టి నిలవడం లేదని ఎవరో అరిస్తే, కుర్రాళ్ళు మా గోలు వెదురు కర్రలు పీకి తెచ్చి గండికి అడ్డంగా దిగ్గొట్టారు. నీళ్ళు ఆగాయి. ఇక మిగిలిన ఆట ఆడడానికి గోలే లేదు. ఒక గోలు తేడాతో ఓడిపోయామన్నారు.

ఆ మడి ఎవరిదో మాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆట మధ్యలో జట్టుని నీళ్ళలోకి దించిన మాష్టారు మాకొద్దన్నారు కమిటీవారు. పంట కోతల దాకా ఉండనిచ్చారు. ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో మాట్లాడలేదు. ఆయన పక్కనే కూర్చున్నా, "మీ నాన్నని అన్నానికి రమ్మను," అని నాతో చెప్పేది. నేను చెప్పేదాన్ని. నాన్న నాకే జవాబు చెప్పేవారు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది నేనే, నాకు మాత్రం ఏడుపొచ్చేది.

తణుకు అవతల ఒక చిన్న బళ్ళో నాన్నకి పని దొరికింది. సామాను సర్దుకుని పొద్దున్న రైలెక్కాం. మంచు. గూడెం దాటుతుండగా తెల్లదనంలోంచి ఆ ఆటస్థలం మెల్లిగా పైకి తేలింది. బోదె గట్టు మీద మా గోలు కర్రలు అలాగే ఉన్నాయి. వాటికవతల చేలు పసుపుపచ్చగా, కంకులు బరువుకి వంగి, కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. నాన్న అటు చూడకుండా తన చేతుల వంక చూసుకుంటున్నారు.

అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూసి చూసి, నా వైపు తిరగకుండా అంది.

"ఏవండీ, అది మన నారు కాదూ?"

నాన్న తలెత్తి చూశారు. ఆ చేలన్నీ మంచులో కలిసిపోయాక, "మనదే," అన్నారు.

అమ్మ చెంగు ముడి విప్పి, అన్నాళ్ళూ దాచిన చిక్కుడు గింజలు అరచేతిలో పోసుకుని, ఆయనకి చూపించింది.