హార్డుడిస్కుకు పసుపు

భోగాపురం అవతల రేవులో, గురమ్మ నోరు తెరిస్తే సముద్రం కూడా ఒక అడుగు వెనక్కి వేస్తుందని చెప్పుకుంటారు. మొగుడు నూకయ్య ఎప్పుడో వెనక్కి తగ్గి, అరుగు చివర స్థిరపడిపోయాడు. కొడుకూ కోడలూ గుజరాత్ బోట్ల పనికి పోతే, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, మనవరాలు గౌరిని రాజాంలో ఇంజినీరింగు చదివిస్తోంది గురమ్మే.

విమానాలు దిగుతాయని సర్వేరాళ్ళు పాతిన ఏడు, ఆమె అటకమీద పెట్టిన ఉప్పుచేపల తట్టలోంచి రాత్రంతా ఊట కారి, కింద బల్లమీదున్న గౌరి లాప్‌టాప్‌ను ఊరబెట్టేసింది.

"మామ్మా! ఎల్లుండి ప్రాజెక్టు సూపించాల. అంతా ఇందులోనే ఉన్నాది. ఇది పోతే నా ఏడాది పోయినట్టే!" అని గౌరి గొల్లుమంది.

"పిల్లి తట్టని తన్నుంటాది," అంది గురమ్మ.

"మనింట్లో పిల్లెక్కడిదే?" అన్నాడు నూకయ్య.

"తన్నేసి పోనాది. నువ్వు నోర్ముయ్."

విజయనగరంలో రిపేరు కొట్టు పెట్టుకున్న ఆ రేవువాడే, అప్పలసూరి, వచ్చి లాప్‌టాప్ విప్పాడు.

"అత్తా, బోర్డు కుళ్ళిపోనాది. హార్డుడిస్కు మాత్రం బతికే ఉన్నాది. గౌరి రాసిందంతా దీన్లోనే ఉంటాది. డిస్కు తీసేసిన పాత లాప్‌టాప్ ఒకటి కొట్లో ఉన్నాది, రేపు తెచ్చి దాన్లో ఇది బిగించేస్తాను. దీన్ని తడవనీకు."

గురమ్మకు విషయం ఇట్టే అర్థమైంది. తెప్ప పాడైతే మంచి దుంగ ఒకటి విప్పి కొత్త తెప్పలో కట్టుకోవడం ఆమె అత్తవారింటి ఆనవాయితీ. ఆ దుంగకు పసుపు పూసి బొట్టు పెట్టందే మామగారు నీళ్ళలోకి దించేవాడు కాడు.

తెల్లారుతూనే పసుపు ముద్ద కలిపింది. డిస్కుకు ముఖం ఎటుందో తెలియక, బంగారు పళ్ళలా మెరుస్తున్న చోట చూసి, అక్కడ దిట్టంగా పట్టించి ఆరబెట్టింది. కొబ్బరికాయ మాత్రం దూరంగానే కొట్టింది. తడవకూడదన్నాడు కదా, ఆపాటి తెలివి ఆమెకుంది.

అప్పలసూరి వస్తూనే, పరాగ్గా మాట్లాడుతూ డిస్కు బిగించి మీట నొక్కాడు. నల్లటి తెర మీద ఇంగ్లీషు ముక్కలు రెండు కనబడ్డాయి.

"డిస్కే నేదంటంది," అంది గౌరి.

అతను డిస్కు బయటికి లాగి వెలుతురులో చూశాడు. "అత్తా! ఏటిది? డిస్కుకి నలుగెట్టినావా?"

"మరి బోడిగా దించుతావేట్రా పాత దుంగని?"

అతను తల పట్టుకుని, స్పిరిట్‌లో చిన్న కుంచె ముంచి పన్ను పన్నూ తోమసాగాడు. గౌరి కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి అటే చూస్తోంది. గురమ్మ పసుపు గిన్నెను కొంగు చాటున దాచేసింది. ఏ అమ్మవారికీ మొక్కుకోలేదు. మొక్కితే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుంది.

మళ్ళీ మీట నొక్కాడు. తెర కాసేపు గింజుకుని వెలిగింది. ప్రాజెక్టు ఎక్కడిదక్కడే ఉంది. గౌరి వచ్చి మామ్మను వాటేసుకుంది.

"సూసినావా పసుపు మహిమ!" అంది గురమ్మ.

"పసుపు తీసేస్తేనే కదత్తా ఆడింది?"

"పుయ్యకపోతే ఏటి తీసేవోడివిరా నువ్వు?"

అప్పలసూరి కుంచె తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

గౌరి గట్టెక్కింది. డిస్కుకు అంటిన చేపల కంపుకు సార్లు ముక్కులు మూసుకునే మార్కులు వేశారట. ఆ కబురు విన్న సాయంత్రం గురమ్మ అటకమీది తట్ట దించి, అరుగు మీద నూకయ్య పక్కన పెట్టింది.

"ఇక్కడెట్టినావేటే?"

"అటకమీద పిల్లి తిరుగుతన్నాది."

నూకయ్య మరికొంచెం చివరికి జరిగాడు.